నత్తలంకలో తాళం

పోయిన వారం మనం లిడియా పంతులమ్మని కొత్త గుడి పునాది గోతి ఒడ్డున, చేతిలో తుప్పుపట్టిన ఇనప ముద్దతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ముందు ఆమె సంగతి చూద్దాం.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నత్తలంక అంటే కొల్లేటి నడుమ ఒక మట్టిదిబ్బ. ఎంత చిన్న దిబ్బంటే, ఈ చివర ఒకాయన తుమ్మితే ఆ చివర ఇంకొకాయన మొహం తుడుచుకుంటాడు. కైకలూరు నుంచి దోనెలో రెండు గంటల దూరం. ఎదురుగాలైతే ఎన్ని గంటలో ఇంతవరకూ ఎవరూ చేరి చెప్పలేదు. అక్కడ మట్టిగోడల మీద తాటాకు కప్పిన మెథడిస్టు గుడి ఒకటుంది. ఎల్లుండి ఆదివారంతో అక్కడి సంఘానికి ఇరవై అయిదేళ్ళు నిండుతాయి. ఇటుకలతో కట్టబోయే కొత్త గుడికి ఆ రోజే పునాదిరాయి వేస్తారు. రాతి మీద మొదటి ఉపదేశి యేసుదాసు పేరు అప్పుడే చెక్కించేశారు. యేసుదాసు లిడియాకి తాత. ఏలూరు నుంచి సూపరింటెండెంటు దొరగారు వస్తున్నారు. ఆయన ముందు సంఘ చరిత్ర చదవాలి. అది రాసి చదివే పని పాస్టరు సుందరరావుగారు లిడియాకి అప్పగించారు, ఆమె అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. చరిత్ర దొరగారికి నచ్చితే పాస్టరుగారికి ఏలూరులో పెద్ద పదవి ఖాయమని, పాస్టరుగారికి నచ్చకపోతే లిడియాకి బళ్ళో ఉద్యోగం ఉండదని లంకలో చేపలకి కూడా తెలుసు.

ఆ చరిత్రకి గుండెకాయ వరద. ఇరవై రెండేళ్ళ కిందట ఒక ఆదివారం బుడమేరూ తమ్మిలేరూ ఒకేసారి వచ్చి కొల్లేటి మీద పడితే, నత్తలంక విశ్వాసులు గుడి వదిలి కదలకుండా, పాట పాడుతూ పాడుతూ పందొమ్మిది మంది ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. వాళ్ళలో లిడియా అమ్మా నాన్నా ఉన్నారు. రెండేళ్ళ లిడియాని మాత్రం తాత యేసుదాసు ప్రేమవిందు వండే ఇత్తడి గంగాళంలో కూచోబెట్టి నీళ్ళ మీద వదిలి బతికించాడు. పాస్టరుగారు ఈ కథని దగ్గర కూచుని చెప్పి మరీ రాయించారు. మండవల్లి దాకా అందరికీ నోటికొచ్చు.

ఇంకొక్క ముక్క. నత్తలంకలో ఎక్కడా తాళం లేదు. ఇళ్ళకి లేదు, బడికి లేదు, గుడికి లేదు, చివరికి పెళ్ళిపెట్టెలకి కూడా లేదు. దొరగారు ఒకసారి ఇది చూసి కళ్ళు చెమర్చి, సువార్త ఫలమంటే ఇదేనని తమ దేశపు పత్రికలో రెండు పేజీలు రాశారు. అసలు నత్తలంకకి దొంగ వస్తే ఎత్తుకుపోవడానికి దోమలు తప్ప ఏమీ లేవు. అవి కూడా ఒక్కడు ఎత్తితే లేవవు.

అలాంటి ఊళ్ళో, పునాది తవ్వుతుంటే మేస్త్రి పాపారావు పలుగుకి తాళం తగిలింది.

"పంతులమ్మగారండీ, ముందు ఇది ఏనుగు గొలుసనుకున్నానండి. కొల్లేట్లో ఏనుగులేంటండీ అని మళ్ళీ నేనే అనుకున్నా" అన్నాడు పాపారావు. గూడెం మనిషి. ఈ ఊరి సంగతులేవీ తెలియనివాడు. "లాగేకొద్దీ వస్తోందండి. చూడండి."

ఒకప్పుడు అక్కడ దోనెల రేవు ఉండేది. వరద తెచ్చిన ఒండ్రు మేటవేసి పూడిపోయింది. ఆ ఒండ్రు కిందనుంచి గొలుసు ఒక్కొక్క మూరే పైకొచ్చింది. మూరకో తాటిమొద్దు ముక్క. నల్లగా కుళ్ళిపోయినా ముక్క ముక్కకీ గుండ్రంగా చిల్లు కనబడుతోంది. తాటిదోనె ముక్కులవి. లిడియా వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. పదకొండు దోనెలు వరసగా, ఒకే గొలుసుకి గుచ్చి ఉన్నాయి. గొలుసు రెండు కొసలూ కలిసేచోట తాళం. తాళం వేసే ఉంది.

దోనెకి ముగ్గురు చొప్పున పదకొండు దోనెల్లో ఎంతమంది పడతారు? లిడియా రోజూ రెండో తరగతికి ఇచ్చే లెక్కలు ఇలాంటివే. జవాబు ముప్పైమూడు. ఆ ఆదివారం గుడిలో ఉన్నది ముప్పై ఒక్కమంది. ఆమె చేత్తో ఆమే రాసింది, మూడో పేజీలో, గుండ్రటి అక్షరాలతో.

"సున్నం కింద కప్పెట్టెయ్యనాండీ? పునాదికి ఇనుం మంచిదేనండి, ఆయ్" అన్నాడు పాపారావు.

"వద్దు" అంది లిడియా. "తాళం ఊడదీసి ఇలా ఇవ్వండి. గొలుసు అక్కడే ఉంచండి."

గొలుసు కడియాన్ని తుప్పు తినేసి ఉంది. పలుగుతో ఒక్క పోటు పొడిస్తే విరిగింది. తాళం మాత్రం విరగలేదు.

యేసుదాసు అరుగు మీద ఎండకి వీపుపెట్టి కూచుని ఉన్నాడు. డెబ్భై ఆరేళ్ళు. రెండు కళ్ళకీ పొర కమ్మింది. మధ్యాహ్నం ఎండ కూడా ఆయనకి పొగమంచులాగే ఉంటుంది. మనిషిని అడుగుల చప్పుడుతో గుర్తుపడతాడు, ఊళ్ళో పిల్లల్ని తిట్లతో గుర్తుపడతాడు.

"అమ్మడూ, బడి వదిలేశావా అప్పుడే?"

 లిడియా తాళం తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆయన వేళ్ళు దాని మీదికి వెళ్ళాయి. చుట్టూ తడిమాయి. కింద చిల్లు దగ్గర ఆగాయి. ఆ చిల్లు పక్కన చిన్న నెలవంక గుర్తు ఉంది. తుప్పు కింద లిడియా కళ్ళకి కనబడని ఆ గుర్తు ఆయన బొటనవేలికి వెంటనే దొరికింది. అక్కడే ఉండిపోయింది.

"ఎక్కడ?" అన్నాడు.

"పాత రేవులో. పదకొండు దోనెలతో సహా."

"ఏలూరు అబ్దుల్ సలాం చేసింది. నేనే దగ్గర కూచుని చేయించాను." ఆయన తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "ఇరవై రెండేళ్ళు బురదలో ఉండి కూడా నోరు విప్పలేదు చూడు. నాలాంటిదే."

"తాతయ్యా, దోనెలకి తాళం ఎందుకేశారు?"

"లోపలికెళ్ళి నా బైబులు పట్రా."

ఆ బైబులు లిడియాకి బాగా తెలుసు. అందులో విశ్రాంతిదినం పాటించమనే నాలుగో ఆజ్ఞ ఉన్న పేజీకి ముందు ఆరు పేజీలు, వెనక ఆరు పేజీలు గోధుమరంగు మచ్చ. చెమ్మ తగిలిందని తాత చెప్పేవాడు. నమ్మింది. అక్షరాలు నేర్చుకున్నదే ఆ పుస్తకంలో. అప్పుడు ఆ మచ్చ ఆకారం ఏమిటో ఆలోచించలేదు. ఇప్పుడు తెరిచి చూస్తే మచ్చకి పిడి ఉంది, కాడ ఉంది, కొసన రెండు పళ్ళున్నాయి. "ఆ పేజీల్లోనే ఉండేది, నువ్వు అక్షరాలు దిద్దకముందే తీసి అట్టలో కుట్టేశాను" అంటూ తాత అట్ట లోపలి కుట్టు విప్పి ఒక తాళంచెవి బయటికి తీశాడు. తుప్పుకి అది ఆయన వేళ్ళ మధ్యే రాలిపోతోంది.

"మన సంఘం పుట్టిన కొత్తల్లో అమ్మడూ, ఆదివారం ఒక్కడూ గుడికి వచ్చేవాడు కాదు. సోమవారం కైకలూరు సంతకి చేపలు కావాలి కదా. తెల్లారకుండా దోనెలేసుకుని పోయేవాళ్ళు. గుడిలో నేనూ, మీ అమ్మా, ఒక కుక్కా. ఆ కుక్క కూడా ప్రసంగం మధ్యలో లేచిపోయేది. దొరగారు నన్ను నిలేశారు. విశ్రాంతిదినం ఆచరించని సంఘం సంఘమేనా అన్నారు. నాకు రోషం వచ్చింది. ఏలూరెళ్ళి ఈ తాళం చేయించాను. శనివారం దీపాల వేళకి దోనెలన్నీ రేవుకి రావాలి. ముక్కుల్లోంచి గొలుసు దూర్చి, గుంజకి చుట్టి, తాళం. మళ్ళీ ఆదివారం దీపాల వేళకే తియ్యడం. పక్క లంకలవాళ్ళు నవ్వేవాళ్ళు, నత్తలంక చేపలకి వారానికో సెలవని. నాకు మాత్రం కడుపు నిండిపోయేది. గుడి కిటకిటలాడేది."

"ఆ ఆదివారం?"

"శనివారం తాళం వేసి, చెవి మొలకి కట్టుకుని, పక్క లంక దోనెలో పోయి గూడెం రైలెక్కాను. గూడెంలో మూణ్ణెల్లకోసారి జరిగే సంఘాల మీటింగు. ఆదివారం పొద్దున్న నన్ను నిలబెట్టి, మీ ఊళ్ళో విశ్రాంతిదినం అంత బాగా ఎలా ఆచరిస్తున్నారో చెప్పమన్నారు." ఆయన పొర కమ్మిన కళ్ళు ఎండవైపు తిప్పాడు. "చెప్పాను. తాళంచెవి పైకెత్తి చూపించి చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత వేళలు సరిచూసుకున్నాను. చప్పట్లు కొట్టే వేళకి ఇక్కడ మన గుడి కప్పు కూలింది."

లిడియా అరుగు అంచున కూచుంది. 

"మరి నన్ను గంగాళంలో పెట్టింది?"

"నేను కాదు. నేను వచ్చేసరికి మూడో రోజు. నువ్వు పక్క లంకలో ఎవరి ఒళ్ళోనో ఉన్నావు. సాయానికొచ్చిన బయటివాళ్ళు నేనే బతికించానన్నారు. కాదనడానికి నోరు తెరిచాను. మీ అమ్మ శవం ఇంకా దొరకలేదు. మళ్ళీ మూసుకున్నాను. ఒక్క మనిషి తప్ప బతికినవాళ్ళంతా ఆ నెల్లోనే లంక వదిలి నల్లజర్ల వైపు మెరక పొలాలకి కూలికి పోయారు. తర్వాత కొత్తగా వచ్చి చేరినవాళ్ళకి పాట ఒక్కటే తెలుసు. ఊళ్ళో తాళం మాత్రం నేను మళ్ళీ వెయ్యనివ్వలేదు. ఎవరింట్లో కనబడినా పీకి కొల్లేట్లో పారేశాను."

దొరగారు పత్రికలో రాసిన రెండు పేజీలూ లిడియా కళ్ళ ముందు కదిలాయి. ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వుకి ఆమే భయపడింది.

"ఉన్నదున్నట్టు రాయి అమ్మడూ. రాతి మీద నా పేరు చెరిపించెయ్. ఆ పందొమ్మిది పేర్లూ వేయించు. తాళంచెవి నా దగ్గరే ఉందని రాయి. ఇంకెవరి దగ్గరా లేదని రాయి."

ఈ చివరి మాట ఆయన కొంచెం గట్టిగా అన్నాడు. అక్కర్లేనంత గట్టిగా.

లిడియా చరిత్ర రాసుకున్న నోటుపుస్తకం తెరిచింది. వరద ఉన్న పేజీ చదివింది. మళ్ళీ చదివింది. పాట ఉంది, పాడినవాళ్ళున్నారు, నీళ్ళున్నాయి.

"మీరు గూడెంలో ఉంటే, ఆ ఆదివారం ఇక్కడ ఆరాధన ఎవరు జరిపించారు తాతయ్యా?"

ఆయన తాళాన్ని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు.

"నువ్వా మార్తమ్మ జోలికి మాత్రం పోకు" అన్నాడు.

"నేను మార్తమ్మ పేరెత్తలేదు తాతయ్యా."

ముసలాయన మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

మార్తమ్మ ఇల్లు గుడి పక్కనే, ఇరవై అడుగుల దూరంలో. వరద తర్వాత ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఆ ఇరవై అడుగులూ ఒక్కసారి కూడా నడవలేదు. నడవకపోగా, ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం సరిగ్గా ప్రసంగం మొదలయ్యే వేళకి పొయ్యి మీద ఉప్పుచేప వేయిస్తుంది. ఆ వాసన గుడిలోకి ఎంత చిక్కగా వస్తుందంటే, చందా పళ్ళెం పట్టుకున్నవాడు దారి కనబడక గోడకి గుద్దుకుంటాడు. సుందరరావుగారు దగ్గుతూ దగ్గుతూ ప్రసంగం పూర్తిచేస్తారు, పల్లెత్తు మాటనరు. అది ఆయన ఓర్పని అందరూ మెచ్చుకుంటారు.

లిడియా వెళ్ళేసరికి ఆవిడ చూరు కింద కూచుని తుంగచాప నేస్తోంది.

"రా పంతులమ్మా. గొలుసు లాగిన చప్పుడు వినబడింది." పుల్ల దూర్చింది, బద్దతో కొట్టింది. "ప్రతి శనివారం వినేదాన్ని. ఇరవై రెండేళ్ళయినా ఆ చప్పుడుకి నడుం వణికింది. మీ తాతేమన్నాడు?"

"తాళంచెవి తన దగ్గరే ఉందన్నారు. ఇంకెవరి దగ్గరా లేదన్నారు."

మార్తమ్మ చేతులు ఆగాయి. "అలా అన్నాడా?" అంది. "చూశావా, ఇంకా మొయ్యాలనే చూస్తున్నాడు, పిచ్చి ముసలాడు." మెడ దగ్గర చెయ్యిపెట్టి రవిక లోపలి నల్లతాడు పైకి లాగింది. తాడుకి తాళంచెవి. అదే పిడి, అదే కాడ, అవే రెండు పళ్ళు. కానీ దీనికి తుప్పు లేదు. ఒంటికి రాసుకుని రాసుకుని వెండిలాగా తళతళలాడుతోంది.

"సలాం సాయిబు తాళానికి రెండు చెవులిచ్చాడు. నేనప్పుడు గుడి ఊడ్చి దీపం పెట్టేదాన్ని. మీ తాత ఊళ్ళో లేకపోతే ఆదివారం దీపాల వేళకి తియ్యడానికి రెండోది నాకిచ్చాడు. దీపాల వేళకి ముందు తియ్యనని బైబులు మీద చెయ్యి వేయించాడు. ప్రభువే రేవులో నిలబడి అడిగినా ఇవ్వకు మార్తమ్మా, రేపు రమ్మను అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వుతూ వినలేదు."

"పెద్దమ్మా, ఆ రోజు ఆరాధన..."

"చెబుతున్నాగా. పాస్టరు పరీక్షలో భాగంగా ప్రసంగం చెప్పడానికి ఏలూరు నుంచి ఒక కుర్రాణ్ణి పంపారు. మీసం కూడా సరిగా రాలేదు. మొదటి ప్రసంగం. ముప్పై పేజీలు రాసుకొచ్చాడు. పాపం, చేతిలో కాగితాలు గలగల్లాడుతున్నాయి. మూడో పేజీలో గడప తడిసింది. ఆరో పేజీలో ఆడవాళ్ళ చాపలు తడిశాయి. నేను లేచాను. 'అమ్మా, కూచోండి, దీవెన ఇచ్చేదాకా ఎవరూ లేవకూడదు' అన్నాడు. తాళంచెవి పైకెత్తి చూపించాను. చూశాడు. చెవిని చూశాడు, గుమ్మంలో నీళ్ళు చూశాడు, నన్ను చూశాడు. పాట ఎత్తుకున్నాడు."

గుడిలో పిల్లలు జూబిలీ కోసం ఆ పాటే సాధన చేస్తున్నారు. మొదటి చరణం అయిపోయి రెండోది మొదలైంది.

"ఎందుకండీ?" అంది లిడియా.

"భయం. జనం లేచిపోతే పరీక్ష తప్పుతానని. ఇరవై ఏళ్ళ కుర్రాడికి నీళ్ళంటే భయం ఉండదు, పరీక్షంటే ఉంటుంది. అతనెందుకు పాడాడని అడిగావు. నేనెందుకు కూచున్నానని అడగవేం?"

లిడియా చాప అంచు మీద కూచుంది.

"చెవి నా చేతిలో ఉంది. కాళ్ళు నావి. అతను నన్ను కట్టెయ్యలేదు. కూచోమన్నాడు, కూచున్నాను. మాట ఇచ్చానని కూచున్నాను. పాటలో గొంతు కూడా కలిపాను పిల్లా. నాలుగు చరణాలు పాడాను. నీళ్ళు నడుందాకా వచ్చాక పరిగెత్తాను. రేవెక్కడ? గుంజ మునిగిపోయింది. గొలుసు పట్టుకుని దోనెలన్నీ ముక్కులు కిందికి పెట్టి మునిగి ఉన్నాయి. నేనూ మునిగాను. తాళం దొరికింది. చిల్లు నిండా బురద. గోటితో తీశాను. తీసేకొద్దీ నిండింది. చెవి దూరలేదు."

పుల్ల దూర్చింది. బద్దతో కొట్టింది.

"తిరిగొచ్చేసరికి గోడ కూలుతోంది. గంగాళం నాకు ఎదురుగా తేలుతూ వచ్చింది. మీ అమ్మ మాణిక్యం నిన్ను నా చేతికి అందించింది. ఆ తర్వాత మాణిక్యాన్ని నేను చూళ్ళేదు. నిన్ను అందులో కూచోబెట్టాను. మా పౌలుకి ఎనిమిదేళ్ళు, సీలకి ఆరు. ఇద్దరూ గంగాళం అంచు పట్టుకుని ఈదుతున్నారు. వాళ్ళు అందులో పట్టరు. నువ్వు పట్టావు."

 చిన్నప్పటినుంచీ, ఏ కారణమూ లేకుండా ఈవిడ లిడియాకి వారానికోసారి చేపల కూర పంపేది. గిన్నె ఇవ్వడానికి వెళ్తే మొహం చూసేది కాదు.

"ఎంతసేపు పట్టుకున్నారో నేను చూళ్ళేదు" అంది మార్తమ్మ. "నన్ను నీళ్ళు అటు లాక్కుపోయాయి."

"ఆ కుర్రాడు..."

"తాటిచెట్టెక్కాడు. కల్లు మానండర్రా అని ఊరంతటి చేతా ప్రమాణం చేయించాం. ఆ రోజు చెట్టు పనికొచ్చింది ఆయనొక్కడికే. రెండు రోజులు పైనే ఉండి, ఎవరో దింపితే ఏలూరు వెళ్ళిపోయాడు. పేరు కూడా నాకు తెలీదు. గొంతు ఒక్కటే తెలుసు." ఆవిడ తలెత్తి గుడివైపు చూసింది. "ఆరేళ్ళ కిందట ఇక్కడే కూచుని చాప నేస్తుంటే గుడిలోంచి మళ్ళీ వినబడింది. లావెక్కింది. నెమ్మదొచ్చింది. కానీ అదే గొంతు. ఆ ఆదివారం పొయ్యి మీదున్నది ఉప్పుచేప. లేచెళ్ళి ఏమనడానికీ నాకు నోరు లేదు కదా పంతులమ్మా, నేనూ కూచున్నదాన్నే. అందుకని కూచునే చోటే కూచుని, చేప వేయిస్తున్నాను."

ఆరేళ్ళు. లిడియా చంకలోని నోటుపుస్తకం చేతిలోకి తీసుకుంది. ఆరేళ్ళ కిందట లంకకి వచ్చింది ఒక్కరే. వరద కథలో ప్రతి మాటా చెప్పి రాయించి, ఆరాధన జరిపించినవాడి పేరు దగ్గరికి రాగానే 'అది అవసరం లేదమ్మా, పాట నుంచి రాసుకో' అన్నది కూడా ఒక్కరే.

బయట నల్లగొడుగు మూసిన చప్పుడైంది.

"లిడియమ్మా, ఇక్కడున్నావా తల్లీ? మేస్త్రి చెప్పాడు." సుందరరావుగారు చూరు ముందు నిలబడి ఉన్నారు. మండవల్లి నుంచి అప్పుడే దోనె దిగినట్టున్నారు, పంచె అంచు తడిగా ఉంది. ఆరేళ్ళలో ఆయన ఈ గుమ్మానికి రావడం ఇదే మొదటిసారి. ఎప్పట్లాగే మెత్తగా మాట్లాడారు. "పునాదిలో ఏదో పాత ఇనుం దొరికిందటగా. అలాంటివి ఉంచుకోకూడదమ్మా. పాపారావుకిచ్చెయ్యి, సున్నంలో కలిపేస్తాడు. చరిత్ర పూర్తయిందా? ఓసారి చూపిస్తే సరిదిద్ది ఇస్తాను."

"రండి బాబూ" అంది మార్తమ్మ.

ఆయన తల అప్పుడు తిరిగింది. ఆవిడ మొహం ఆయన గుర్తుపట్టాడో లేదో లిడియాకి తెలియలేదు. మెడలో తాడునీ, తాడుకి వేళ్ళాడుతున్నదాన్నీ మాత్రం గుర్తుపట్టాడు. నలభై రెండేళ్ళ మనిషి, నిండైన విగ్రహం, చూస్తుండగానే మొహంలో మీసం రాని కుర్రాడొకడు బయటికి వచ్చి నిలబడ్డాడు.

"దీవెన ఇచ్చేదాకా లేవొద్దన్నారు" అంది మార్తమ్మ, ఎంతో మర్యాదగా. "మీరింకా ఇవ్వలేదండీ. నేను కూచునే ఉన్నాను."

గుడిలో పిల్లలు మూడో చరణం అందుకున్నారు. సుందరరావుగారి పెదాలు కదిలాయి. పాటతో పాటే కదిలాయి, ఆయనకి తెలియకుండానే.

లిడియా లేచింది. ఉద్యోగం గుర్తొచ్చింది. తాత పేరున్న రాయి గుర్తొచ్చింది. గంగాళం అంచు పట్టుకున్న నాలుగు చిన్న చేతులు గుర్తొచ్చాయి. మిగతా రెండూ వెనక్కి జరిగాయి. నోటుపుస్తకం వరద పేజీ దగ్గర తెరిచింది. ఉన్నదంతా అడ్డంగా కొట్టేసి, కింద ఒక్క వాక్యం మొదలుపెట్టి, సగంలో ఆపింది.

"ఇక్కడొక ఖాళీ ఉందండీ అయ్యగారూ" అంది. "ఆ ఆదివారం ఆరాధన జరిపించినవారి పేరు. మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?"

పుస్తకం ముందుకు చాచింది. దాని మీద పెన్సిలు పెట్టింది. పక్కనుంచి మార్తమ్మ మెడలో తాడు తీసి, తళతళలాడే తాళంచెవిని ఆ పెన్సిలు పక్కన పెట్టింది.

సుందరరావుగారు గొడుగు కింద పడేశారు. గుమ్మంలోకి ఒక అడుగు వేశారు. పుస్తకం మీదికి చెయ్యి చాచారు. ఆ చెయ్యి వెళుతున్నది పెన్సిలు మీదికో, తాళంచెవి మీదికో, పుస్తకం పట్టుకుని చూస్తున్న లిడియాకి కూడా తెలియలేదు.